సోంబరు దించిన గంప

ఢిల్లీ నుంచి మెయిల్ వచ్చిన పూట డాక్టర్ సుజానా కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచి, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ కూర్చుంది. పక్క గదిలో డైరెక్టర్ భాస్కర్ అప్పటికే చదివేసినట్టున్నాడు. చేతిలో టీ ఒలికిపోతున్నా చూసుకోకుండా వచ్చి, "కొట్టేశాం సుజానా!" అన్నాడు. విశాఖపట్నంలోని ఆ చిన్న పరిశోధనా సంస్థలో అంత పెద్ద నిధి అంతవరకూ ఎవరికీ రాలేదు. ఇన్నేళ్ళూ ఎలుకలకీ కుందేళ్ళకీ ఇచ్చి చూసిన మందును ఇక మగవాళ్ళకి ఇచ్చి చూడొచ్చు. కత్తి పడదు, కుట్లుండవు. ఒక్క సూదితో కొన్నేళ్ళపాటు పిల్లలు పుట్టకుండా ఆగుతుంది, కావాలనుకుంటే ఇంకో సూదితో మళ్ళీ మామూలవుతుంది.

అంతకుముందు ఆ దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది. మందులో లోపముందని ఎవరూ అనలేదు. "మగవాళ్ళు వేయించుకుంటారన్న నమ్మకం ఏమిటి?" అని రాశారు మహానుభావులు. ఆడదాని కడుపు కొయ్యడానికి మాత్రం ఒక బడి వరండా, నాలుగు బల్లలు ఉంటే చాలు, అక్కడ ఎవరూ నమ్మకాల గురించి ఆరా తియ్యరు. మగవాడికి ఒక్క సూది అనేసరికి పెద్దలందరికీ ఎక్కడలేని సంకోచాలూ పుట్టుకొస్తాయి.

సుజానాకి ఆ వరండా బాగా తెలుసు. ఆమె పుట్టింది అరకులోయలో, తండ్రి జాకబ్ మిషన్ బడిలో మాస్టారు. ఆమె చిన్నప్పుడు ఆ బడిలోనే ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. తల్లి తెరిసమ్మతో సహా కొండ ఊళ్ళ ఆడవాళ్ళంతా వరండాలో వరసగా పడుకుని మూలుగుతుంటే, మొగుళ్ళు గోడ నీడన కూర్చుని చుట్టలు కాల్చుకున్నారు. వాళ్ళలో జాకబ్ మాస్టారూ ఉన్నాడు. ఆయన చుట్టకు బదులు బైబిల్ పట్టుకున్నాడు, అంతే తేడా. ఆ పూట పుట్టిన కోపమే ఆ పిల్లను డాక్టర్ని చేసింది, డాక్టరయ్యాక ప్రాక్టీసు పెట్టుకోనివ్వకుండా ఈ ఎలుకల బోనుల మధ్య కూర్చోబెట్టింది.

మూడోసారి దరఖాస్తు నిలబడిందంటే అందులోని ఒక పేరా వల్ల, ఒక ఫొటో వల్ల. ఆ ముక్క ఢిల్లీవాళ్ళు మెయిల్లోనే రాశారు. ఒక ఆదివాసీ రైతు తన ఊరి ఆచారాన్నే పక్కనబెట్టి మగవాళ్ళ మందు వైపు నిలబడ్డ ఆ దృశ్యం కమిటీని కదిలించిందట. వచ్చే నెల తమ అధికారి వస్తాడు, ముందుగా ఆ రైతునే కలవాలనుకుంటున్నాడు అని కూడా ఉంది.

ఆ సంబరంలో ఉండగానే అటెండరు రామారావు తలుపు దగ్గరికి వచ్చాడు. "మేడమ్, అరకు నుంచి ఎవరో వచ్చారు. పొద్దుటి నుంచి మెట్ల కింద కూర్చున్నాడు. పేరు గాసి అట. అచ్చియమ్మ అన్నని అని చెప్పమన్నాడు."

అచ్చియమ్మ పేరు వినగానే సుజానా మొహం విప్పారింది. ఆ పేరాలో ఉన్న రైతు సోంబరు, అతని పెళ్ళామే అచ్చియమ్మ. శుభవార్త ముందు వాళ్ళకే చెప్పొచ్చనుకుంటూ మెట్లు దిగింది.

సోంబరు వాళ్ళ ఊరు కరకపుట్టు. అరకు దాటి జీపు దిగాక, కాఫీ తోటల్లోంచి కాలిబాటన కొండెక్కితే వస్తుంది. అచ్చియమ్మకి పుట్టుకతోనే రక్తం జబ్బు, ఏజెన్సీలో చాలామందికి ఉన్న సికిల్ సెల్. ఇద్దరు పిల్లలు పుట్టాక, మళ్ళీ కడుపొస్తే బతకడం కష్టమని పెద్దాసుపత్రిలో తేల్చి చెప్పారు. ఆపరేషన్‌కి వెళితే, ఇంత తక్కువ రక్తంతో కొయ్యలేమని క్యాంపు నుంచి వెనక్కి పంపేశారు. మాత్రలు పడలేదు. తొడుగులు ఆరోగ్య కేంద్రానికి ఎప్పుడొస్తాయో ఎప్పుడు రావో దేవుడికే తెలియాలి. ఇక మిగిలింది సోంబరు కోయించుకోవడం ఒక్కటే.

సోంబరు కోయించుకోనన్నాడు. పెళ్ళామంటే అతనికి ప్రాణమే, కానీ గంప ఉంది. విత్తనాలు చల్లే ముందు చేసే ఇటుకల పండగనాడు ఇంటింటి నుంచీ తెచ్చిన చోళ్ళు, సామలు, కొర్రలు ఊరి దేవత జాకరమ్మ గద్దె దగ్గర ఒక గంపలో కలుపుతారు. ఆ గంపను నెత్తిన పెట్టుకుని చేలకు తెచ్చేది సోంబరు ఇంటివాళ్ళు, తాతల నాటి నుంచీ అంతే. ఎత్తేవాడు నిండు మనిషై ఉండాలి. ఒంట్లో ఏదీ తెగి ఉండకూడదు, ఏదీ ఆగి ఉండకూడదు. లేకపోతే ఊరి చేలల్లో గింజ మొలవదని వాళ్ళ భయం. కత్తి పడిందంటే ఆ మనిషికి గంప ఎప్పటికీ దూరమైనట్టే.

కిందటేడు పండక్కి ముందు సుజానా బృందం కరకపుట్టు వెళ్ళింది. మందు ఇవ్వడానికి అప్పటికి అనుమతే లేదు. మగవాళ్ళ ఆరోగ్యం ఎలా ఉంది, ఇలాంటి సూది వస్తే వేయించుకుంటారా, ఇవి తెలిస్తే దరఖాస్తుకు బలం వస్తుందని వెళ్ళారు. రాబోయే మందు గురించి సుజానాయే చెప్పింది. సమ్మతి కాగితం చదివి వినిపించారు, వేలిముద్రలు వేయించుకున్నారు. తర్వాత పరీక్షకని ఒక్కొక్కరి దగ్గరా రక్తం తీశారు. సోంబరు చెయ్యి సుజానా తన చేత్తోనే పట్టుకుంది. నొప్పిగా ఉందా అని అడిగితే, "కత్తి కన్నా నయమే గదమ్మా" అని నవ్వాడు. చమత్కారంగా అన్నాడనుకుని ఆమె కూడా నవ్వింది.

పండక్కి పిలిస్తే మళ్ళీ వెళ్ళింది. డప్పులు మోగుతుండగా సోంబరు గద్దె దగ్గరికి వచ్చాడు, గంప ఎత్తాడు, రెండడుగులు వేసి నేల మీద దించేశాడు. "నా ఆడదాని పేణం ముందు, గంప తరవాత. ఈ ఏటికి నా తమ్ముడు ఎత్తుతాడు" అన్నాడు. సుజానాకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, గబగబా ఫోను తీసి ఫొటో కొట్టింది. మందు రాకముందే ఎందుకు దించాడబ్బా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. అడగడానికి సోంబరు పదడుగుల దూరంలోనే ఉన్నాడు. కానీ అప్పటికే ఆమె బుర్రలో ఆ పేరా మొదలైపోయింది, అంత చక్కటి పేరాను చెడగొట్టే ప్రశ్న ఎవరు మాత్రం అడుగుతారు!

గాసి మెట్ల కింద తుండుగుడ్డ పరుచుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి లేచి దణ్ణం పెట్టాడు.

"అచ్చియమ్మ ఎలా ఉంది గాసీ?"

"నేదమ్మా. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో పోనాది. కడుపుతోటే పోనాది."

సుజానా మెట్టు మీద కూలబడింది. గాసి నిలబడే చెప్పాడు. అచ్చియమ్మ కడుపు సంగతి ఎవరికీ చెప్పలేదు. చీర బిగించి కట్టుకుని తోటపనికి వెళ్ళింది, ఆసుపత్రి వైపు కూడా తొంగిచూడలేదు. కనపడే రోజు వచ్చాక ఎవరిదని ఊరు అడిగింది. మొగుడిదే అంది. ఎవరూ నమ్మలేదు. సోంబరు మాట్లాడటం మానేశాడు.

"మొగుడిదే అంటే ఎందుకు నమ్మలేదు?"

"ఎలగ నమ్ముతారమ్మా? మొగుడు సూది ఏయించుకున్నాడు గదా."

"ఏ సూది?"

గాసి ఆమెను వింతగా చూశాడు. "నువ్వేసినదే. ఏయించుకోబట్టే గదా గంప దించీసినాడు."

కొండ మీదికి డాక్టరు సూది పట్టుకుని వచ్చిందంటే మందు వెయ్యడానికే వస్తుంది. మగవాళ్ళ మందు గురించి పూటంతా చెప్పి, ఆ వెంటనే చెయ్యి చాపమని సూది గుచ్చితే, అది రక్తం కోసమేనని ఎవరనుకుంటారు? చెప్పామని కాగితం అంటుంది. కాగితానికేం, ఎన్నయినా అంటుంది.

"మిగతావాళ్ళు కూడా వేయించుకున్నామనే అనుకుంటున్నారా?" అని అడిగింది.

"ఏయించుకున్నోళ్ళం అలగే గదా అనుకుంటాం. నానూ ఆ పూట వచ్చి సెయ్యి సాపినాను." గాసి తుండుగుడ్డ నలుపుతూ అసలు పని చెప్పాడు. "సచ్చిపోయినోళ్ళకి మావోళ్ళు ఊరి సివర రాయి నిలుపుతారమ్మా. మా సెల్లికి నిలపరంట. రంకు కడుపుతో పోనాదానికి రాయి నేదంటన్నారు. రాయి నేకపోతే అది మా పెద్దోళ్ళలో కలవదు, కొండల్లో ఊరికే తిరుగుద్ది. దాని పిల్లలిద్దర్నీ కూడా ఎవులూ దగ్గరకి రానీడం నేదు. ఒక్క మాట సెప్పమ్మా. ఆ సూది ఎప్పుడైనా తప్పిపోద్దా? నూటికొకడికైనా తప్పిపోద్దని ఊరి ముందర నువ్వొచ్చి సెబితే సాలు. మా సెల్లి అలాంటిది కాదు."

సుజానా రామారావుతో అతనికి భోజనం పెట్టించమని చెప్పి, పైకి వెళ్ళి భాస్కర్ గది తలుపు వేసింది.

భాస్కర్ చెడ్డవాడేం కాదు. విని తల పట్టుకున్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఏ మందైనా నూటికి నూరుపాళ్ళు పనిచెయ్యదని చెప్పి పంపించు. అందులో అబద్ధమేముంది? ఆ అమ్మాయి పేరు నిలబడుతుంది, రాయి పెడతారు. మన ప్రాజెక్టూ నిలబడుతుంది. వచ్చే అధికారికి ఇంకో ఊరు చూపిద్దాం."

"వెయ్యని సూది తప్పిపోయిందని చెప్పమంటారా సర్?"

"నువ్వు నిజం చెబితే ఏమవుతుందో తెలుసా? ఆదివాసీలకి అర్థం కాకుండానే సూదులు గుచ్చారని పేపర్ల నిండా రాస్తారు. ఈ నిధి పోతుంది, అంతటితో ఆగదు. మగవాళ్ళ మందు అని ఇంకో ఇరవై ఏళ్ళు ఎవరూ నోరెత్తరు. ఈలోగా ఇంకెంతమంది అచ్చియమ్మలు పోతారు? ఒక్కరి కోసం అందరినీ ముంచేస్తావా?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఈ మందు కోసం పెళ్ళి వాయిదా వేసుకుంది, తల్లి ఆఖరి రోజుల్లో పక్కన ఉండలేకపోయింది. ఇప్పుడు ఒక చిన్న మాటతో అంతా దక్కుతుంది. ఎవరికీ నష్టం లేదు, చచ్చిపోయినదానికి మేలే జరుగుతుంది.

"ఆ ఊళ్ళో మగవాళ్ళంతా మందు పడిందనే ధీమాతో ఉన్నారు సర్. సూది తప్పుతుందంటే, ఒక్కడికే తప్పింది మనకేం కాదులే అనుకుంటారు. వాళ్ళ ఆడవాళ్ళ సంగతి?"

"పేరా నువ్వే రాశావు సుజానా" అన్నాడు భాస్కర్, నిందగా కాదు, అలసటగా. ఆ రోజే ఆమె ఢిల్లీకి మెయిల్ రాసింది. ఆ పేరా నిజం కాదని, సోంబరు గంప దించింది తాను అనుకున్న కారణానికి కాదని, అడిగి తెలుసుకోవలసిన బాధ్యత తనదేనని రాసి, సంతకం పెట్టి పంపించేసింది. మర్నాడు పొద్దున్నే గాసితో కలిసి అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ పాసింజరు ఎక్కింది. సొరంగాలు ఒక్కొక్కటీ దాటుతున్నా గాసి ఏమీ అడగలేదు. డాక్టరమ్మ వస్తోంది, చెల్లెలికి రాయి దక్కుతుంది, అతనికి అది చాలు.

కరకపుట్టులో పనసచెట్ల కింద ఊరు కూర్చుంది. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. సోంబరు అందరికీ ఎడంగా, ఒక బండ మీద కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. సుజానాని చూసి కూడా పలకరించలేదు. ఊరిపెద్ద, చెప్పమన్నట్టు చెయ్యి ఊపాడు.

దారంతా కూడదీసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "ఆ పూట నేను మీ ఎవరికీ మందు వెయ్యలేదు" అంది. "సూది గుచ్చింది రక్తం తియ్యడానికి. ఆ మందు ఇప్పటికీ మనుషులకి ఇవ్వలేదు. సోంబరుకి ఇవ్వలేదు, గాసికి ఇవ్వలేదు, ఎవరికీ ఇవ్వలేదు."

గాసి ఆ మాటలు తమ భాషలో చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు. అతనికీ ఇప్పుడే తెలిసింది. తేరుకుని మిగతాది చెప్పాడు.

"మరి మాకెవులూ సెప్పనేదేటి?" ఆడవాళ్ళలోంచి ఒకామె గట్టిగా అడిగింది. ఒళ్ళో చంటిపిల్ల, పైగా మళ్ళీ నిండు కడుపుతో ఉంది.

"చెప్పాం. మీకు తెలిసేలా చెప్పలేదు. మీకేం తెలిసిందో అడగలేదు. తప్పు నాది."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఆమెను చూసి పక్కామె, ఆ పక్కామె. ఇన్నాళ్ళూ ఆ కడుపుకి ఆమె ఇంట్లో ఎన్ని మాటలు పడిందో, ఎన్ని దెబ్బలు తిందో సుజానా ఊహించుకోగలిగింది. మగవాళ్ళ పక్క నుంచి ఒకడు లేచి, తల దించుకుని, చేలవైపు వెళ్ళిపోయాడు.

ఊరిపెద్ద ముసలివాడు, మెత్తనివాడు. "అయితే అచ్చియమ్మ నిజమే సెప్పినాది" అన్నాడు. "మనమే నమ్మనేకపోనాం. బేగి రాయి తెండి. ఈ పొద్దే నిలిపీద్దాం." గాసి రెండు చేతులతో మొహం కప్పుకుని కూర్చుండిపోయాడు. అచ్చియమ్మ పిల్లలిద్దర్నీ ఎవరో దగ్గరికి తీసుకుని తలలు నిమిరారు. ముసలాయన సోంబరు దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. ఓదార్చాలనే అన్నాడు పాపం. "ఊరుకోరా. నీ ఒంట్లో ఏదీ ఆగనేదు. నువ్వు నిండు మనిసివే. ఈ ఏడు గంప నువ్వే ఎత్తాల."

సోంబరు ఆయన చెయ్యి తీసేశాడు. లేచి సుజానా ముందుకొచ్చి, మోచెయ్యి చాపి లోపలివైపు చూపించాడు. "ఇక్కడేనా అమ్మా? రగతం తీసినావంతేనా? ఏటీ ఎయ్యనేదా?"

"లేదు బాబూ."

"అయితే ఆ కడుపు నాదే." ఊరంతటికీ వినపడేలా అన్నాడు. "నొప్పులొచ్చిన పొద్దు జీపు పిలవమన్నాది. కాళ్ళు అట్టుకున్నాది. ఎవుడిదో ఆణ్ణే పిలుసుకోమని సెప్పి తోటకెల్లిపోనాను. మద్దేనం కబురొచ్చినా ఎల్లనేదు. పొద్దోయి ఒచ్చీసరికి సల్లగా అయిపోనాది."

గాసి తల ఎత్తి చెల్లెలి మొగుణ్ణి చూశాడు. లేచి కొడతాడేమోనని సుజానా భయపడింది. అతను లేవలేదు, ఏదీ చెయ్యడానికి అతనిలో సత్తువ మిగల్లేదు.

"పండగనాడు నువ్వూ ఉన్నావు గదమ్మా" అన్నాడు సోంబరు. గొంతులో కోపం లేదు, అదే భరించడం కష్టంగా ఉంది. "నాను గంప దించితే పోటో తీసినావు. ఎందుకు దించినావురా అని ఒక్క మాట అడగనేదేటి?"

పేరా కోసమని సుజానా చెబుతుందా? మెయిల్ పంపేశాను, నిధి పోయింది, నేనూ పోగొట్టుకున్నానని చెబుతుందా? ఎదురుగా నిలబడ్డ ఆ మనిషి ముందు అవన్నీ ఏపాటివి!

అప్పటికే నలుగురైదుగురు వాగువైపు నుంచి రాయి మోసుకొస్తున్నారు. సోంబరు వాళ్ళవైపు చూసి, మళ్ళీ ఆమెవైపు తిరిగాడు. "ఆ పోటోలో అది ఉన్నాదా? దాని పోటో మా ఇంట్లో ఒక్కటీ నేదు."

సుజానా ఫోను తీసి ఇచ్చింది. కమిటీని కదిలించిన ఫొటో. నేల మీద గంప, పక్కన తల ఎత్తి నిలబడ్డ సోంబరు, వెనక ఆడవాళ్ళ గుంపు. అతను వేలితో పెద్దది చేసి, తనని తాను పక్కకి జరిపేసి, గుంపులో వెతికాడు. చివర్న అచ్చియమ్మ ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గాని కళ్ళు దాగలేదు.

"నవ్వుతన్నాది" అన్నాడు. ఫోను తిరిగివ్వలేదు. "ఆయాల ఇంటికొచ్చి నాతోటి అన్నాది. ఇంక నాను సావనురా అన్నాది."